అద్దె యింటిలో అతిథి



ఇంటికి వచ్చిన అతిథియొద్ద సొమ్ము పుచ్చుకొనవచ్చునా అని మన పల్లెలలో ఎవరినడిగినను కూడదనియే చెప్పుదురు. వచ్చినవానికి కాళ్లకు నీళ్లిచ్చి, ఉన్నదానిలోనే ఇంత పెట్టి పంపుట మనవారికి అలవాటు. అయితే ఫ్రాన్సు దేశపు పల్లెలలో వేలకొలది రైతు ఇండ్లు వారమునకింత అని అద్దెకు ఇయ్యబడుచున్నవి. పట్టణవాసులు భార్యాబిడ్డలతో వచ్చి, సెలవు దినములు అక్కడ గడిపి వెళ్లుచున్నారు. సొమ్ము చెల్లించి వచ్చినవాడు అతిథియా, లేక బేరమునకు వచ్చినవాడు మాత్రమేనా? సొమ్ము పుచ్చుకొన్నవాడు ఆతిథ్యమిచ్చినవాడగునా, లేక వర్తకుడు మాత్రమేనా? ప్రశ్న దూరదేశపుదైనను, తలుపు గల ప్రతి ఇంటికిని తగులునది గనుక ఈ మాసము దీనినిగూర్చి ఆలోచింతము.

మొదట ఈ ఏర్పాటు ఎట్లు పుట్టెనో తెలిసికొనవలెను. 1936వ సంవత్సరమున ఫ్రాన్సు ప్రభుత్వము పనివారికి ఏటా రెండు వారముల జీతపు సెలవును చట్టము చేసెను. 1982 నాటికి అది ఐదు వారములాయెను. సెలవు దొరికెను గాని, హోటలు ఖర్చు భరింపలేని కుటుంబములు ఎక్కడికి పోవలెను? మరొకవైపున పల్లెలు ఖాళీయగుచుండెను. పడుచువారు పట్టణములకు తరలిపోగా, రాతి ఇండ్లును, గడ్డి అటకలును, పశువుల కొట్టములును పాడుపడుచుండెను. అప్పుడు ఎమిల్ ఒబేర్ అను సెనేటు సభ్యుడు, ఈ రెండు కొరతలు ఒకదానినొకటి తీర్చగలవని తలంచెను. 1951లో మొదటి ఇల్లు ఆయన జిల్లాలో, నేడు ఆల్ప్-ద-ఓత్-ప్రొవాన్స్ అనబడు కొండసీమలో, తెరువబడెను. అట్టి ఇంటిని వారు జీత్ అందురు. తల దాచుకొను చోటు అని దాని భావము. 1955లో జీత్ ద ఫ్రాన్స్ అను సమాఖ్య ఏర్పడి, ఇండ్ల వసతిని పరీక్షించి గోధుమ కంకుల గుర్తులతో వాటికి తరగతులు నిర్ణయించుచు వచ్చెను. రైతునకు పైకము, కూలబోవు గోడకు మరమ్మతు, పట్టణపు బిడ్డకు మంచి గాలి, మూడును ఒక్క అద్దెలోనుండియే కలిగెను.

కాబట్టి సొమ్ము చేతులు మారెనని ఈ ఏర్పాటును తేలికగా త్రోసివేయకూడదు. ఉచితముగా ఇచ్చు ఆతిథ్యము సాధారణముగా ఎవరికి దొరకును? చుట్టములకు, స్నేహితులకు, తిరిగి పిలువగలవారికి. ఎవరును ఎరుగని యంత్రశాల కూలివాడు నలుగురు పిల్లలతో వచ్చి ఒక రైతు తలుపు తట్టగలడా? న్యాయమైన అద్దె నిర్ణయింపబడినప్పుడు, అతడు తల వంచుకొనక, ఎవరి దయకును కాచుకొనక లోపలికి రాగలడు. ఇచ్చువాడు గొప్పవాడుగను పుచ్చుకొనువాడు తక్కువవాడుగను కనబడు బాధ అక్కడ లేదు. మంచి సమరయుని ఉపమానములో గాయపడినవానిని చేర్చుకొన్న పూటకూళ్లవాడు రెండు దేనారములు పుచ్చుకొనెను గదా. అందునుబట్టి మన ప్రభువు అతనిని నిందింపలేదు. సొమ్ము కనికరమునకు శత్రువు కాదు.

మరి అపాయమెక్కడ? సొమ్ము చెల్లించితిమి గనుక లెక్క తీరిపోయెనని తలంచుటలోనే అపాయమున్నది. ఆ ఇండ్ల పద్ధతి చూడుడి. వేసవిలో ఎక్కువగా శనివారము మొదలు శనివారము వరకు గడువు. యజమాని తాళపుచెవులిచ్చి, పళ్లెములు, గరిటెలు, దుప్పట్లు జాబితా ప్రకారము చూపి, నీటి సంగతియు సెప్టిక్ ట్యాంకు సంగతియు చెప్పి, పూచీగా కొంత సొమ్ము ఉంచుకొనును. పోవునాడు ఇల్లు ఊడ్చి అప్పగించినయెడల ఆ సొమ్ము తిరిగి వచ్చును. ఇదంతయు న్యాయమే. కాని జాబితాలోనికి ఎక్కనివి ఆ ఇంటి చుట్టును అనేకములు కలవు. తెల్లవారుజామున కూయు కోడి, పొరుగువాని పేడకుప్ప, గుడి గంట, ఇరుకు దారిలో నెమ్మదిగా పోవు ట్రాక్టరు, ఇవి ఎవరి అద్దెలోను చేరవు.

ఒలెరోన్ అను దీవిలో జరిగిన సంగతి లోకమంతట పత్రికలలో వచ్చెను. అక్కడ సెలవులకు వచ్చుటకు ఇల్లు ఉంచుకొన్న కుటుంబమువారు, పొరుగింటి మోరీస్ అను కోడిపుంజు కూతవలన నిద్ర చెడుచున్నదని వ్యాజ్యము వేసిరి. 2019 సెప్టెంబరులో న్యాయస్థానము కోడి పక్షమున తీర్పు చెప్పి, వ్యాజ్యము వేసినవారే 1,000 యూరోలు చెల్లించవలెనని ఆజ్ఞాపించెను. పల్లెల శబ్దములను, వాసనలను ఆ సీమల వారసత్వముగా గుర్తించు చట్టము 2021 జనవరిలో వచ్చెను. వినుటకు నవ్వు పుట్టవచ్చును. అయినను ఇందులో పెద్ద పాఠమున్నది. గోడలను కొనవచ్చును, అద్దెకు తీసికొనవచ్చును, ఊరిని కొనలేము. ఊరు మనకంటె ముందున్నది, మనము వెళ్లిన తరువాతయు ఉండును.

ఇంకొక లెక్కయు కలదు. విహారమునకు వచ్చువారు ఎక్కువగా ఇచ్చుదురని ఇండ్లన్నియు వారముల లెక్కను అద్దెకు పోయినయెడల, ఆ ఊరిలో పుట్టి అక్కడనే పని చేయు పడుచు దంపతులు ఎక్కడ కాపురముండవలెను? ఈ మొర ఫ్రాన్సు సముద్రతీరములలోను, కొండ ఊళ్లలోను గట్టిగా వినబడుచున్నది. అందుచేత 2024 నవంబరులో అట్టి అద్దెలను కట్టుబాటులో ఉంచుటకు స్థానిక సంఘములకు ఎక్కువ అధికారమిచ్చు చట్టము చేయబడెను. ఖాళీ ఇంటికి జీవము పోయుటకు పుట్టిన ఏర్పాటు, కాపురమున్న ఇంటిని ఖాళీ చేయించునదిగా మారకూడదు. మంచి పనియైనను మితి తప్పినయెడల తన మొదటి ఉద్దేశమునే చెరుపును.

ఇప్పుడు ఇల్లు ఇచ్చువాని తట్టు చూతము. ఓత్-లువార్ జిల్లాలో లె షాంబోన్-సుర్-లిన్యోన్ అను కొండ ఊరు కలదు. హింసలనుభవించిన ప్రొటెస్టంటు పితరుల సంతతివారు అక్కడ నివసించుచుండిరి. రెండవ ప్రపంచ యుద్ధమునకు ఎంతో ముందునుండియే వారు వేసవి విహారులకు గదులు అద్దెకిచ్చుచు, గాలి మార్పు కొరకు పట్టణములనుండి వచ్చిన బీద పిల్లలను రైతు ఇండ్లలో చేర్చుకొనుచు వచ్చిరి. 1940 మొదలు 1944 వరకు యూదులు ప్రాణభయముతో పారిపోయి వచ్చినప్పుడు, ఆ మంచములే, ఆ అటకలే, ఆ కొట్టములే వారికి దాగు చోట్లాయెను. ఆంద్రే ట్రోక్మె, ఎడ్వార్ తేయిస్ అను కాపరులు సంఘమును ధైర్యపరచిరి. దానియేల్ ట్రోక్మె అను ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో కూడ 1943లో పట్టుబడి, 1944లో మైదానెక్ శిబిరములో మరణించెను. 1990లో యాద్ వషేమ్ సంస్థ ఆ ఊరివారిని, చుట్టుపట్ల ఊళ్లవారిని గౌరవించెను.

ఆ దినములలోను కొందరి భోజనవసతికి సహాయ సంఘములు సొమ్ము చెల్లించుచుండెను. రొట్టెకు వెల కట్టవచ్చును. రాత్రివేళ పోలీసులు వచ్చినప్పుడు నోరు మెదపకుండుటకు ఎవడు వెల కట్టగలడు? అపరిచితునికి తలుపు తీయుట ఆ రైతులకు అద్దెవలన అలవాటైయుండెను. ఆపత్కాలమున ఆ అలవాటు అద్దెను దాటిపోయెను. కాబట్టి సొమ్ము తీసికొని ఇచ్చిన ఇల్లు ఆతిథ్యమేనా అను ప్రశ్నకు జవాబు రసీదులో దొరకదు. వచ్చినవానికి సొమ్ముతో తీరని అవసరము కలిగినప్పుడు ఆ తలుపు ఏమి చేయునో దానిలోనే దొరకును.

ప్రియులారా, అద్దెకు ఉన్నవాడు ఆతిథ్యమియ్యలేడని కూడ తలంచకుడి. పౌలు రోమాలో అద్దె యింటనే ఉండి, తనయొద్దకు వచ్చినవారినందరిని చేర్చుకొనెను. ఒక వారమునకు ఇల్లు పుచ్చుకొన్నవాడు పొరుగువానికి నమస్కరించి, ఊరి రొట్టె ఊరిలోనే కొని, కోడి కూతకు కోపింపక, తాను వచ్చినప్పటికంటె ఇల్లు శుభ్రముగా విడిచి వెళ్లినయెడల, అతడు అతిథియే. ఇల్లు గలవాడు సొమ్మును న్యాయముగా పుచ్చుకొని, సొమ్ము కొనలేని దానిని ఉచితముగా ఇచ్చినయెడల, అతడు ఆతిథ్యమిచ్చినవాడే. మన ఇండ్లు చిన్నవైనను, గడపలు అందరికిని కలవు. వాటిని ఎవరి కొరకు, ఎంతవరకు తీయుదుమో ఎవరికి వారే తమ హృదయములలో విచారించుకొందుము గాక.