పచ్చ బిళ్ల, ఎర్ర బిళ్ల

మండీబజార్ దాటితే పెద్దకూర పేరు మేం గట్టిగా అనం. కొన్నదాన్ని సంచిలో సంచి పెట్టి ఇంటికి తెచ్చుకుంటాం. అదే వరంగల్‌లో కిరాయి ఇల్లు అడగబోతే ముందు పేరు అడుగుతారు, తర్వాత పొయ్యి మీద ఏం ఉడుకుతుందని అడుగుతారు. తన తిండికి మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

అమెరికా పోయిన మా పిల్లలు ఈ ప్రశ్నను ఇంకో దిక్కు నుంచి తెచ్చారు. బ్రెజిల్ కంపెనీ ఫోగో డి చావ్ 1997లో డాలస్ పక్కన తన తొలి అమెరికా హోటల్ తెరిచింది. ఇట్లాంటి హోటళ్లలో ధర ఒకటే, తిన్నంత తినొచ్చు. ఇనుప చువ్వలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన మాంసం పట్టుకొని వడ్డించేవాళ్లు బల్లల మధ్య తిరుగుతుంటారు. తినేవాడి ముందు ఒక బిళ్ల. పచ్చవైపు పెడితే కోసి వడ్డిస్తారు. ఎరుపు తిప్పితే ఆగిపోతారు. ఎందుకని అడగరు.

ఒకే బల్ల దగ్గర మావాడు హలాల్ కాదని ఆకుకూరలతో సరిపెట్టుకుంటాడు. పక్కింటి రెడ్డిగారబ్బాయి గొడ్డుమాంసం వద్దని కోడి తింటాడు. ఇంకొకడు ఇంట్లో చెప్పొద్దంటూ అన్నీ తింటాడు. సంజాయిషీలు లేవు.

బ్రెజిల్ మాంసపు మందల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి. పేరులోనే నెల్లూరు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని, 1960ల మొదట్లో కొన్ని ఓడలెక్కిపోయిన మన ఒంగోలు పశువుల సంతతే అది. దాని మూపురాన్ని అక్కడ కుపిం అని ఇష్టంగా కాల్చుకు తింటారు. మన గిత్త సముద్రం దాటితే విందు. ఇక్కడ 1977 చట్టం ఆవును కోయొద్దంది, పనికిరాని ఎద్దును సర్టిఫికెట్‌తో కోయనిచ్చింది. చట్టం ఒప్పుకున్న ముద్ద కూడా మా చేతిలో నేరంలా కనిపిస్తుంది. 2012లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే కొట్లాట అయింది. మా పళ్లెం ముందున్న బిళ్లను ఇక్కడ వేరేవాళ్లు తిప్పుతున్నారు.

అయితే మాలోనూ అడగాల్సిన ప్రశ్నలున్నాయి. దావత్‌లో చోటేకా వండితే షాన్, బడేకా వండితే గరీబీ అనే ఖాందాన్‌లు లేవా? ఖురేషీల దుకాణంలో గోష్ కొని, వాళ్ల ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకోనివాళ్లు లేరా? పంది మాంసం తినే ఎరుకలాయన పళ్లెం చూసి మొహం తిప్పుకునేవాళ్లు లేరా? వద్దనే హక్కు మాకెంతో, తినే హక్కు ఆయనకంతే. మా ఎరుపును గౌరవించమని అడిగే నోటితోనే ఆయన పచ్చనూ ఒప్పుకోవాలి.

డాలస్‌లో ఆ మర్యాద డబ్బు పెట్టి కొన్నది. బిల్లు కట్టలేనివాడికి ఆ బల్ల లేదు. తిన్నంత తినమనే ఆ పద్ధతిలో ఇస్రాఫ్ కూడా ఉంది. మాకు కావలసింది ఆ తిండి కాదు. కిరాయి ఇల్లు అడిగినప్పుడు కిరాయి గురించే మాట్లాడే మర్యాద కావాలి. అది వరంగల్‌లోనే, ఊరికే దొరకాలి.