ప్రహ్లాదుని తీర్పు – అభియోగము మోపువారి ధర్మము

ఫాల్గుణమాసమున గాండ్లపెంట మొదలైన పల్లెల జనులు కదిరి తేరునకు తరలిపోవుదురు. ఖాద్రీ నరసింహుని సన్నిధిలో స్వామి ప్రక్కన నిలిచిన ప్రహ్లాదుని దర్శించి, ఆ బాలభక్తుని ఓర్పును తలచుకొని పరవశింతురు. తండ్రి పెట్టిన హింసలకోర్చిన ప్రహ్లాదుని మనమందరము ఎరుగుదుము. న్యాయము చెప్పుటకు కూర్చుండిన ప్రహ్లాదుని ఎరిగినవారు తక్కువ. ఆ కథను మహాభారతమున విదురుడు చెప్పెను. కౌరవసభలో ద్రౌపది తన ప్రశ్నకు ధర్మమేదో చెప్పుడని అడుగగా, తెలిసిన పెద్దలందరును మౌనము వహించిరి. అప్పుడు విదురుడు జ్ఞాపకము చేసినది ఈ వృత్తాంతమునే.

ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు. అంగిరసుని కుమారుడు సుధన్వుడు. కేశిని యను కన్య నిమిత్తమై, తమలో ఎవరు శ్రేష్ఠులన్న వివాదము ఇద్దరికిని కలిగినది. ప్రాణములనే పణముగా ఒడ్డి, తీర్పు కొరకు ప్రహ్లాదునివద్దకే వచ్చిరి. ఒక పక్షమున కన్నకొడుకు, రెండవ పక్షమున పరాయివాడు. ప్రహ్లాదుడు వెంటనే తీర్పు చెప్పలేదు. తెలిసియు నిజము పలుకని వాని గతి ఏమగునని ముందుగా పెద్దలనడిగెను. సభలో అధర్మము జరుగుచుండగా ఖండింపనియెడల, ఆ పాపములో సగము సభాధిపతికిని, పాతిక చేసినవానికిని, పాతిక చూచి ఊరకున్నవారికిని చెందునని సమాధానము వచ్చినది. అప్పుడాయన సుధన్వుడే శ్రేష్ఠుడని తీర్పు చెప్పెను. కొడుకు ప్రాణము ఓడినవాని సత్యనిష్ఠకు మెచ్చి, సుధన్వుడు ఆ ప్రాణమును తిరిగి ఇచ్చెను.

ఈ కథ నేటి న్యాయస్థానములకు ఎట్లు వర్తించును? న్యాయమూర్తి తనయెదుటికి వచ్చిన సాక్ష్యమునే చూడగలడు. ఆయన ముందుకు ఏది రావలెనో, ఏది రాకూడదో నిర్ణయించు శక్తి చాలవరకు అభియోగము మోపు పక్షము చేతిలో ఉన్నది. పోలీసులు సేకరించిన వాంగ్మూలములు, పట్టుకొనిన వస్తువులు, ప్రయోగశాల నివేదికలు మొదట చేరునది అక్కడికే. పల్లెలలో సర్కారు వకీలని పిలువబడు పబ్లిక్ ప్రాసిక్యూటరు ఆ పక్షమున నిలిచి వాదించును. ముద్దాయికి మేలుచేయు కాగితమొకటి ఆయన కట్టలో ఉన్నదనుకొందము. దానిని బయటపెట్టినచో కేసు వీగిపోవచ్చును. పెట్టనిచో ఎవరికిని తెలియకపోవచ్చును. ప్రహ్లాదునకు వచ్చిన పరీక్షయే ఆయనకును వచ్చినది.

వకీలన్నవాడు తన పక్షము గెలుచుటకు పాటుపడుట తప్పా అని కొందరడుగుదురు. ముద్దాయి తరఫు వకీలు తన కక్షిదారునకు కీడైన సంగతి చెప్పుటలేదు గదా, ఈయన మాత్రమేల చెప్పవలెనని వారి ప్రశ్న. సందేహము సమంజసమే. కాని ఇద్దరి స్థితియు ఒకటి కాదు. ముద్దాయి వకీలు ఒక్క మనిషి కొరకు నిలిచెను. సర్కారు వకీలు ప్రజలందరి కొరకు నిలిచెను. ఆ ప్రజలలో బోనులో నిలిచినవాడును ఒకడు. పోలీసు బలము, ధనబలము, చెరసాల తాళములు అన్నియు ఒకే వైపున ఉన్నవి. బలము ఎవరిదో సత్యమును దాచకుండు బాధ్యతయు వారిదే.

మన సుప్రీంకోర్టు 1999లో శివకుమార్ – హుకుంచంద్ కేసులో ఈ ధర్మమునే స్పష్టపరచినది. నిజానిజములతో పనిలేక ఏదో విధముగా శిక్ష వేయించవలెనను దాహము పబ్లిక్ ప్రాసిక్యూటరునకు తగదనియు, ముద్దాయికి న్యాయముగా చెందవలసిన ప్రయోజనమును ఆయన అందనీయవలెననియు ఆ తీర్పు సారాంశము. అమెరికా సుప్రీంకోర్టు 1963లోనే, ముద్దాయికి అనుకూలమైన ముఖ్యసాక్ష్యమును అతడు కోరినను ప్రాసిక్యూషను ఇవ్వకుండుట న్యాయప్రక్రియకు భంగమని నిర్ణయించినది. 2021లో మన సుప్రీంకోర్టు మరియొక అడుగు వేసి, పోలీసులు స్వాధీనపరచుకొని తమ కేసునకు వాడుకొనని వస్తువుల, పత్రముల జాబితాను కూడ ముద్దాయికి అందజేయవలెనని నిర్దేశించినది. కట్టలో ఏమున్నదో తెలిసిననే గదా ఇమ్మని అడుగగలుగుట!

నిర్దోషులపై కనికరము చూపబోయి బాధితులకు అన్యాయము చేయుదుమేమో యను భయము మరికొందరికి కలదు. మన తెలుగునాట జరిగిన ఒక సంగతి ఇందుకు సమాధానము చెప్పును. 2007 డిసెంబరులో విజయవాడ సమీపమునగల ఇబ్రహీంపట్నములో, ఒక వసతిగృహమున ఒక విద్యార్థిని హత్యకు గురియైనది. 2008లో పోలీసులు ఒక పేద యువకుని నిర్బంధించిరి. 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానము అతనికి శిక్ష విధించినది. అతడు దోషి కాడని మృతురాలి తల్లిదండ్రులే మొరపెట్టుచు వచ్చిరి. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను రద్దుచేసి, అతనిని విడుదల చేయుటకును, లక్ష రూపాయలు పరిహారమిచ్చుటకును ఆజ్ఞాపించినది. దర్యాప్తు జరిపిన తీరును తప్పుపట్టినది. 2018లో సి.బి.ఐ. దర్యాప్తునకు ఆదేశము వచ్చినది. ఎనిమిదేండ్లకు పైగా ఒక యువకుని జీవితము చెరసాలలో గడచిపోయెను. కూతురిని పోగొట్టుకొనిన తల్లికి ఆ ఏండ్లలో న్యాయము దొరకినదా? తప్పుదారి పట్టిన కేసు ముద్దాయితోపాటు బాధితులను కూడ దండించును.

లక్ష రూపాయలతో ఆ ఏండ్లు తిరిగివచ్చునా? మాండవ్య మహర్షి కథను తలచుకొనుడు. దొంగలు సొత్తును ఆయన ఆశ్రమమున దాచిరి. మౌనవ్రతమున ఉన్న ముని బదులు పలుకలేదు. రాజభటులు ఆయననే దొంగయని ఎంచిరి. రాజు విచారింపక శూలమున వేయించెను. పిమ్మట నిజము తెలిసి రాజు పాదములపై పడి క్షమాపణ వేడెను గాని, శూలము ఊడి రాలేదు. దానిని కోసివేయగా మొన శరీరములోనే మిగిలిపోయెను. ఆయన అణిమాండవ్యుడైనది అందుచేతనే. నిర్దోషియని తీర్పు వచ్చిన తరువాత కూడ లోపల మిగులు మొన అట్టిది. చేసిన తప్పునకు మించి దండన విధించినందులకు యమధర్మరాజునే ఆ ముని శపించెను. ఆ శాపమున పుట్టినవాడే విదురుడు. దండనలోని అన్యాయమునకు ఫలము అనుభవించినవాడే ప్రహ్లాదుని తీర్పును లోకమునకు వినిపించుట ఎంత అర్థవంతము!

ఇది వకీళ్లకును, పోలీసులకును మాత్రమే చెందిన సంగతి యని గృహస్థులు అనుకొనరాదు. సోదా జరిగిననాడు, శవపంచనామా జరిగిననాడు పెద్దమనుష్యులుగా పిలువబడువారు మన ఊరివారే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సోదాను, వస్తువుల స్వాధీనమును దృశ్యశ్రవణ రూపమున చిత్రీకరింపవలెనని చెప్పుచున్నది. యంత్రము చూపగలిగినంత చూపును. అయినను మనము చూడనిదానిని చూచితిమని వ్రాసి వ్రేలిముద్ర వేసినచో, ఖాళీ కాగితముపై సంతకము చేసినచో, ఆ పాపములో మన పాతిక వంతు మనకు ఉండనే ఉండును. దారోగా మాట త్రోసివేయుట కష్టమే. కన్నకొడుకు ప్రాణమును ఒడ్డి నిజము పలుకుట అంతకంటె కష్టము.

ఎదుటివాడు నిజముగా దోషియైనను, నిజముతోనే అతనిని దోషిగా నిరూపింపవలెను. అట్లు పడిన శిక్షయే నిలుచును, బాధితులకు ఊరట ఇచ్చును. దోషి తప్పించుకొనునేమో యని తొందరపడి సత్యమును దాచినవాడు, అసలు దోషికే మేలుచేసినవాడగును. నిందమోపు నోరు, నిజము తెలిసినప్పుడు మూతపడకుండుగాక.