అరువు లోకంలో ఆత్మప్రతిమ: అభిమాన కథల్లో రచయిత స్వీయప్రవేశం - ఒక నైతిక విచారణ

మరొకరు సృష్టించిన కథాలోకంలోకి రచయిత తన ప్రతిరూపాన్ని పాత్రగా పంపడం దోషమా? ఫ్యాన్ ఫిక్షన్‌గా వ్యవహారంలో ఉన్న అభిమాన కథారచనలో ఈ ప్రశ్న అర్ధశతాబ్దంగా వినిపిస్తూనే ఉంది. దీన్ని సాధారణంగా శిల్పదోషంగానే చర్చిస్తారు. అయితే ఇందులో ఒక నైతిక ప్రశ్న కూడా ఇమిడి ఉంది. తాను ప్రేమించిన లోకానికి, అందులోని పాత్రలకు, ఆ లోకాన్ని తనలాగే ప్రేమించే ఇతర పాఠకులకు రచయిత ఏమి బాకీపడి ఉంటాడన్నదే ఆ ప్రశ్న. దాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చర్చకు పేరు పెట్టిన రచన చాలా చిన్నది. అమెరికన్ టెలివిజన్ ధారావాహిక 'స్టార్ ట్రెక్' 1966 నుంచి 1969 వరకు ప్రసారమైంది. దాని అభిమానులు సొంతంగా పత్రికలు అచ్చువేసుకొని కథలు రాసుకున్నారు. వారిలో ఒకరైన పౌలా స్మిత్ 1973లో 'మెనాజరీ' అనే అభిమాన పత్రికలో ఒక వ్యంగ్యకథ ప్రచురించారు. కథానాయిక లెఫ్టినెంట్ మేరీ స్యూ వయసు పదిహేనున్నర ఏళ్లు. నౌకాధిపతి కిర్క్ ఆమెను చూడగానే ప్రేమిస్తాడు. తర్కానికి మారుపేరైన స్పాక్ ఆమె తర్కాన్ని మెచ్చుకుంటాడు. అందరూ జబ్బుపడితే ఆమే నౌకను నడుపుతుంది, చివరకు అందరూ విలపిస్తుండగా మరణిస్తుంది. అప్పటి అభిమాన కథల్లోని ఒక ధోరణిని ఎగతాళి చేయడానికి పుట్టిన ఈ పేరు తరువాత విమర్శ పరిభాషలో స్థిరపడింది.

ఈ పరిభాష అందరిపై ఒకేలా పనిచేయలేదన్నది గమనార్హం. ఆ ముద్ర పడుతుందన్న భయంతో కొందరు రచయిత్రులు స్త్రీ పాత్రలను సృష్టించడమే మానుకున్నారని కమీల్ బేకన్-స్మిత్ 1992 నాటి తన పరిశోధన గ్రంథంలో నమోదు చేశారు. మరోవైపు 1987లో మొదలైన మరో 'స్టార్ ట్రెక్' ధారావాహికలో వెస్లీ క్రషర్ అనే మేధావి బాలుడు పదేపదే నౌకను కాపాడతాడు. ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ పూర్తి పేరులోని మధ్యనామం వెస్లీ. ఆ పాత్రను కూడా చాలామంది ప్రేక్షకులు విసుక్కున్నారన్నది నిజమే. కానీ హక్కుదారు కల టెలివిజన్ తెరకెక్కింది, అభిమాని కల వెక్కిరింతకు పేరైంది. కాబట్టి స్వీయప్రవేశమే తప్పని తేల్చడం న్యాయం కాదు. ఎవరి స్వీయప్రవేశాన్ని తప్పుగా లెక్కిస్తున్నామో కూడా చూడాలి.

మన సాహిత్య పరంపర ఈ ప్రశ్నకు కొత్తది కాదు. భారతానికి కర్తగా సంప్రదాయం చెప్పే వ్యాసుడు అందులో పాత్ర కూడా. అయితే ఆ పాత్రకు కథ చేసిన ఉపచారం ఏమిటి? అతని రూపాన్ని చూసి అంబిక కళ్లు మూసుకుంది, అంబాలిక పాలిపోయింది. ఆ క్షణాల ఫలితమే ధృతరాష్ట్రుని అంధత్వం, పాండురాజు పాండిమ. హితవు చెప్పినా యుద్ధాన్ని ఆపలేక తన వంశనాశనాన్ని తానే చూశాడు. ఉత్తరకాండలో వాల్మీకి సీతకు ఆశ్రయమిచ్చాడు, రాముని ఎదుట ఆమె పక్షాన సాక్ష్యం చెప్పాడు, అయినా ఆమెను నిలుపుకోలేకపోయాడు. ఈ ఇద్దరూ కథలో ఉన్నారు కానీ, కథ వారి కోరికకు వంగలేదు.

తెలుగు కావ్య సంప్రదాయం కవి వ్యక్తిత్వానికి అవతారిక అనే ద్వారాన్ని కేటాయించింది. తిక్కన కలలో హరిహరనాథుడు, పోతన ఎదుట రాముడు, కృష్ణదేవరాయల కలలో ఆంధ్రమహావిష్ణువు సాక్షాత్కరించారు. తాను ఆరాధించే మూర్తి తనను గుర్తించాలన్న అభిమాని ఆకాంక్షకు ఇది దూరమైనదేమీ కాదు. తేడా దాని పర్యవసానంలో ఉంది. అవతారికలో లభించిన అనుగ్రహం కవికి ఒక పనిని అప్పగిస్తుంది. మేరీ స్యూకు లభించిన ప్రేమ ఆమెను ఏ రుణానికీ కట్టిపడేయదు.

డాంటే 'డివైన్ కామెడీ' ఇంకా కఠినమైన ఉదాహరణ. హోమర్, వర్జిల్ మొదలైన ఐదుగురు మహాకవుల సరసన తనను ఆరవవాడిగా నిలుపుకున్నాడు. తన శత్రువు ఫిలిప్పో అర్జెంతి నరకపు బురదలో మరింత మునగాలని కోరుకున్నాడు, ఆ కోరిక తీరింది కూడా. ఇక్కడ స్వీయప్రవేశం ప్రతీకారంగా మారే ప్రమాదం స్పష్టం. కానీ అదే కావ్యంలో గర్విష్ఠులకు విధించిన శిక్ష తనకూ తప్పదని డాంటే భయపడతాడు. బియాట్రిస్ నిందకు తలవంచి కన్నీరు పెడతాడు. ఆ లోకంలోని శాసనం అతణ్ణి కూడా తాకింది. అర్జెంతి విషయంలో అతడు పూర్తిగా నిర్దోషి అని దీని అర్థం కాదు. తీర్పు చెప్పినవాడు తీర్పుకు లోబడ్డాడని మాత్రమే దీని అర్థం.

అభినవగుప్తుడు పేర్కొన్న ఏడు రసవిఘ్నాలలో 'నిజసుఖాదివివశీభావం' ఒకటి. తన సొంత సుఖదుఃఖాలలో మునిగినవాడు రసానుభవానికి దూరమవుతాడన్నది దాని సారాంశం. ఇది సహృదయుణ్ణి ఉద్దేశించి చెప్పినది. దీన్ని అభిమాన రచయితకు అన్వయించడం సమంజసమే, ఎందుకంటే అతడు మొదట ఆ కథకు సహృదయుడు, తరువాతే రచయిత. తన సుఖానికి వివశుడైనప్పుడు ఇతర పాత్రలు అతనికి కనిపించవు. స్పాక్ ఇక స్పాక్ కాడు, పొగిడే నోరు మాత్రమే. అభిమానించిన వ్యక్తినే అద్దంగా మార్చుకోవడం ఆ అభిమానానికే ద్రోహం. నైతిక దోషం ఉన్నది ఇక్కడే.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఒంటరితనంలో ఉన్న పదిహేనేళ్ల బాలిక తనకిష్టమైన లోకంలో తనకొక చోటు ఊహించుకుంటే ఎవరికి నష్టం? ఆ లోకంలో ఆమెవంటివారికి మూలరచయిత చోటే ఇవ్వకపోతే, లోపలికి రావడానికి ఆమెకు వేరే దారేది? ఈ ఆక్షేపణను అంగీకరించవలసిందే. ప్రవేశం ఆమె హక్కు. తొలి రచనలో ఆత్మప్రతిమ పెద్దదిగా ఉండటం నేర్చుకునే దశకు సహజం, దానికి పరిహాసం తగిన శిక్ష కాదు. అయితే ఆ హక్కును అంగీకరిస్తే దానితో వచ్చే బాధ్యతను కూడా అంగీకరించాలి. తనకు చోటు లేదని బాధపడి వచ్చిన వ్యక్తి, వచ్చాక ఇతరులకు చోటు మిగల్చకపోతే ఆ బాధను మరొకరికి బదిలీ చేసినట్లే అవుతుంది.

కాబట్టి విమర్శకుడు అడగవలసింది ఈ పాత్ర రచయితేనా అని కాదు. ఈ పాత్రకు ఎదురు చెప్పే స్వేచ్ఛ ఇతర పాత్రలకు ఉందా, ఆ లోకపు నియమాలు దీనికీ వర్తిస్తాయా అని అడగాలి. ప్రక్షిప్తాలను గుర్తించేటప్పుడు పరిష్కర్తలు కర్తృత్వంతోపాటు పొందికను కూడా చూస్తారు. స్వీయప్రవేశానికీ అదే కొలమానం న్యాయమైనది. వ్యాసుని ఎదుట అంబిక కళ్లు మూసుకోగలిగింది. ఆ కథలో కర్తకు చోటు దక్కడానికి అదే చాలినంత సమర్థన.