అడగని బొమ్మలు

ఆయుధ పూజకి ముందురోజు విశాఖ ఆటోనగర్‌లో చప్పుడు తగ్గుతుంది. లేత్ మిషన్లు ఆపి నూనె మరకలు తుడుస్తారు. వెల్డింగ్ షెడ్లలో నేల కడుగుతారు. బాగుకొచ్చిన లారీల ముందద్దాలకి పసుపు, కుంకుమ బొట్లు పడతాయి. నేనూ ఆ రోజే కుంచెలు కడిగి, కాగితాలు సర్దుకుంటాను. లారీలకి రంగులు వేసే షెడ్డు మేడమీద అద్దెకుంటున్న ఈ పదకొండేళ్లుగా ఇదే అలవాటు. ఈసారి మాత్రం సర్దడం మొదలుపెట్టి తెల్లవారేదాకా నేలమీదే కూర్చుండిపోయాను.

నా దగ్గర రెండు రేకుపెట్టెలున్నాయి. ఒకదాంట్లో ఆర్డరు పని: కథలకి వేసినవి, పిల్లల పుస్తకాలకి వేసినవి, ఫ్యాక్టరీలకి చేసిన భద్రతా పోస్టర్లు, పెద్దకర్మకి పటం కట్టించుకోడానికి వేయించుకున్న మనుషుల బొమ్మలు. రెండోదాంట్లో సొంతవి: పోర్టు రోడ్డు మీద బారులు తీరిన లారీలు, కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం, టీ కొట్టు బల్లమీద హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కాంట్రాక్టు కూలీలు. మొదటి పెట్టె పొట్టకోసం, రెండోది నా కోసం అనుకునేవాణ్ని. ఆర్డరు పెట్టెలో అబద్ధాలున్నా సొంత పెట్టెలో నిజం భద్రంగా ఉంది కదా అని ధైర్యం చెప్పుకునేవాణ్ని. ఆ ధైర్యం ఎంత బోలుదో ఒప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

ఆషాఢంలో ఒకావిడ వచ్చింది. లారీ మీద క్లీనరుగా వెళ్లిన కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. పదకొండో రోజుకి పటం కావాలంది. ఆమె దగ్గర ఉన్నవి ఆధార్ కార్డు, ఫోనులో ఒక మసక ఫోటో. రెండు రోజుల్లో పూర్తిచేశాను. జుట్టు సవరించాను, కళ్లకి కాస్త మెరుపు పెట్టాను, మొహానికి నాకు బాగా అలవాటైన గోధుమరంగు వేశాను. ఆమె బొమ్మని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"చానా బాగుంది బాబూ. మావోడు ఇంత తెల్లగుండడు కదేటి?" అంది. తర్వాత తన దవడమీదే వేలుపెట్టి చూపించింది. "ఇక్కడ మచ్చుండాల. సిన్నప్పుడు పొయ్యిలో పడ్డాడు."

ఆ మాటలో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. తన కొడుకుని నా బొమ్మలో వెతుక్కుని దొరక్క, ఎక్కడున్నాడో నాకు దారి చెబుతున్నట్టు అంది. ఫోటోలో ఆ మచ్చ ఉంది. నేను చూశాను. చూసి, ఫోటో మీది మరకని తుడిచేసినట్టు తుడిచేశాను.

ఈ తుడవడం నా చేతికి ఎలా అంటుకుందో తెలుసు. పోర్టు బొగ్గు నుసి గాల్లో ఎగిరే ఊరిది. తడిగా ఉన్న నీటిరంగు మీద రాత్రికి రాత్రే నల్లటి చుక్కలు వాలతాయి. ఆరాక బ్లేడు మొనతో ఒక్కొక్క చుక్కనీ గీకి తీయడం నాకు రోజువారీ పని. మనుషుల మొహాల మీద కూడా అదే బ్లేడు ఆడించాను. పోస్టరులో కార్మికుడు కాస్త కళగా ఉండాలని ఎవరో అంటే చెమట తీసేశాను, చొక్కా మరకలు తీసేశాను. పిల్లల పుస్తకంలో రైతునీ, అమ్మనీ, టీచరమ్మనీ ఒకే రంగులో ముంచాను. అడిగినవాళ్లు అలా అడిగారు, నేను వేశాను అని సరిపెట్టుకున్నాను. ఈ తల్లి అలా అడగలేదు. ఆమె అడిగింది తన కొడుకుని.

ఆ రాత్రి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను. మచ్చ ఎంత వెడల్పు? అంచు ముడతపడిందా? నవ్వితే ఎటు లాగేది? ఆమె చెబుతూ పోయింది, కొడుకు ఏం తినేవాడో, ఎవరితో పోట్లాడేవాడో అన్నీ. బర్న్‌ట్ అంబర్ రంగు మీద మరోసారి, ఆపైన ఇంకోసారి పల్చగా వేస్తే ఆ కుర్రాడి నలుపు వచ్చింది. అందులో ఎరుపుంది, కొంచెం నీలం కూడా ఉంది. అంతకుముందు నేనెప్పుడూ ఆ రంగు కలపలేదు. బొమ్మ పట్టుకుని ఆమె మాట్లాడలేదు. దవడమీద వేలు పెట్టబోయి, రంగు చెదిరిపోతుందని ఆగింది.

ఉత్తరాంధ్రలో బొమ్మలు వేసే ఎవరికైనా వడ్డాది పాపయ్య గారి పేరు ఒక గీటురాయి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తూ 'చందమామ'కీ 'యువ'కీ ముఖచిత్రాలు వేశారు. అవి పత్రికల కోసం, నెల తిరిగేలోగా ఇవ్వాల్సిన బొమ్మలే. కింద 'వ.పా' అన్న సంతకం చూడగానే ఇది అడిగితే వేసిందా, మనసుపడి వేసిందా అని ఎవరూ ఆరా తీయరు. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్‌ని కమ్యూనిస్టు పార్టీ మిడ్నపూర్ పంపింది. ఆయన ఊరూరా తిరిగి, ఆకలితో పడి ఉన్నవాళ్ల బొమ్మలు వేసి, వాళ్ల పేర్లూ వృత్తులూ కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మలతో వచ్చిన 'హంగ్రీ బెంగాల్' పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. అదీ ఒకరు పంపితే చేసిన పనే. నా ఆర్డరు బొమ్మల్లోని అబద్ధానికి ఆర్డరు మీద నేరం మోపే హక్కు నాకు లేదని వీళ్లని తలుచుకున్నప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

అయినా సొంత పెట్టె ఉంది కదా అని ఆయుధ పూజ ముందు రాత్రి దాన్ని తెరిచాను. అందులో కింద షెడ్డులో రంగులు వేసే బాబాయి బొమ్మలు పధ్నాలుగు ఉన్నాయి. లారీ తలుపు మీద ఆయన అక్షరం రాసే తీరు చూడాలి. సుద్ద రాసిన దారాన్ని రెండు చివర్లా బిగించి, మధ్యలో లాగి వదులుతాడు. రేకు మీద తెల్లటి గీత పడుతుంది. ఎడం పిడికిలి తలుపుకి ఆనించి, దానిమీద కుడి మణికట్టు నిలిపి, ఊపిరి బిగపట్టి కుంచెని ఒక్క లాగు లాగుతాడు. ఎనామిల్ రంగు అంచు ఎక్కడా విరగదు. ఆ ఎడం పిడికిలిని నేను పధ్నాలుగు సార్లు వేశాను. పధ్నాలుగింట్లోనూ ఐదు వేళ్లు నిండుగా, రాతిలో చెక్కినట్టు ఉన్నాయి.

పొద్దున్నే కిందకి దిగి, "నీ ఎడం చెయ్యి ఒకసారి చూపించు బాబాయ్" అన్నాను. కంప్రెసర్‌కి కుంకుమ పెడుతున్నవాడు చెయ్యి చాపాడు. చిటికెన వేలు సగం లేదు.

1966లో ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఆంధ్రలో 32 మంది ప్రాణాలిచ్చారు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న మాట గోడలమీద చూస్తూ పెరిగాను. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీని ప్రైవేటుకివ్వాలని కేంద్రం నిర్ణయించాక శిబిరాల్లో కూర్చుని పైకెత్తిన పిడికిళ్లని పుస్తకాల నిండా గీశాను. కార్మికుడు అనుకోగానే నా పెన్సిలుకి ముందు ఆ పిడికిలే వస్తుంది. ఆ పిడికిలి మీద నాకున్న గౌరవం నిజం. కానీ ఎదురుగా ఉన్న మనిషి చేతిని దాంతో కప్పేశాను. ఎవరూ డబ్బివ్వలేదు, ఎవరూ కళగా ఉండాలని చెప్పలేదు. నా అంతట నేనే ఆయనకి లేని వేలు అతికించాను.

"జాకీ జారింది. నువ్విక్కడికి రాకముందు సంగతిలే" అన్నాడు బాబాయి.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదు కదా" అన్నాడు మామూలుగా, కుంకుమ భరిణె మూతపెడుతూ.

పూజ అయ్యాక ఆయన చేతి బొమ్మ వేశాను, ఆయన పక్కన కూర్చుని, ఆయన్ని అడుగుతూ. తెగినచోట చర్మం ఎలా దగ్గరపడిందో, చలికాలంలో అక్కడ ఎలా లాగుతుందో చెప్పాడు. అయ్యాక కాగితం ఆయన చేతికిచ్చి కింద పేరు రాయమన్నాను. తన కుంచె తెచ్చుకున్నాడు, దారం బిగించి గీత కొట్టాడు, అక్షరానికి అక్షరం నీడ కూడా పెట్టాడు. ఆ పేరు రాయడానికి ఆయన పెట్టినంత ఓపిక, ఆయన చేతిని చూడటానికి నేను పదకొండేళ్లలో ఏనాడూ పెట్టలేదు.