నీటికి నీరు ప్రతినిధి యగునా?

యాగమునకు విహితమైన ద్రవ్యము దొరకనప్పుడు గాని, నడుమ చెడిపోయినప్పుడు గాని, దాని స్థానమున వేఱొక ద్రవ్యమును గ్రహింపవచ్చునా యను విచారమును జైమిని పూర్వమీమాంసా సూత్రముల ఆఱవ అధ్యాయమున మిక్కిలి ఓపికతో నడిపినాడు. వ్రీహులు లేనిచో నీవారములను, సోమలత లభింపనిచో పూతికను గ్రహింపవచ్చును. కాని దేవతకు, అగ్నికి, మంత్రమునకు, క్రియకు ప్రతినిధి లేదు. శ్రోత్రియుల యిండ్లలో తప్ప నేడీ చర్చ యెందులకును కొఱగాదని తలచువారు కలరు. వారిని నేను అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునకు, సౌత్ ప్లాట్ నదీతీరమునకు పంపుదును. అచ్చటి జలాధికారులును న్యాయస్థానములును కంకర గోతుల విషయమున ఏండ్ల తరబడి చేయుచున్నది ప్రతినిధి విచారమే.

రాకీ పర్వతములనుండి దిగిన వరదలు వేలయేండ్లుగా తెచ్చి పోసిన యిసుకయు గులకరాళ్ళును ఆ నదికి ఇరుగడల మేటలు వేసియున్నవి. డెన్వరు పెరిగిన కొలది కాంక్రీటు కావలసివచ్చినది. కాంక్రీటు కొఱకు ఆ మేటలను త్రవ్వవలసివచ్చినది. త్రవ్విన కొన్ని యడుగులకే ఊట తగులును. ఆ ఊట నదికి పరాయిది కాదు; రాళ్ళ సందులలో మెల్లగా జరుగుచు నదినే చేరవలసిన నీరది. మన్ను కప్పియున్నంత కాలము ఎండకు చిక్కని యా నీరు, గొయ్యి తెరచినంతనే ఏటికి మూడడుగులకు పైగా ఆవిరియై పోవును. ఇరువది యెకరముల గుంటను తీసికొని, దానిలో పడిన వానను మినహాయింపక లెక్కించినచో, ఏడాదికి ఏడుకోట్ల లీటర్లకు మించిన నీరు గాలిపాలగుచున్నది. దొంగిలించినవాడు లేడు, త్రావినవాడు లేడు. దిగువనున్న రైతు కాలువలో మాత్రము మట్టము తగ్గును.

ఆ రాష్ట్రమున నీటిని ముందు వాడుకలోనికి తెచ్చినవానిదే ముందు హక్కు. 1876 నాటి రాజ్యాంగములోనే యీ నియమము చేరినది. కఱవు వచ్చినచో పాత హక్కుదారునకు నిండుగా ముట్టిన పిదపనే క్రొత్తవానికి చుక్క. కావున గోతినుండి యెగిరిపోయిన ఆవిరి యెవరి సొత్తను ప్రశ్న పుట్టక తప్పలేదు. ఊటనీటిని బయల్పఱచిన కంకర గొయ్యియు బావి వంటిదే యనియు, దానికిని అనుమతి కావలెననియు 1988లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. మఱుసటి యేటనే శాసనసభ చట్టము చేసి, 1980 గడచిన పిమ్మట నీటిని ఎండకు బయల్పఱచిన గోతులవారు తగ్గిన నీటిని నదికి తిరిగి యిచ్చుకొనవలెనని శాసించినది. అంతకు పూర్వము తెరచినవారికి ఈ ఋణము లేదు. ప్రాయశ్చిత్తమునకు ఇట్లు తేదీ కట్టిన స్మృతికర్త మనలో ఒకడైనను ఉన్నట్లు నేనెఱుగను.

తిరిగి యిచ్చుటలోని నిష్ఠ మాత్రము మెచ్చదగినది. ఎంత పోయినదో అంత యిచ్చిన చాలదు. ఏ కాలమున నదికి లోటు తగులునో ఆ కాలమున, ఏ చోట తగులునో ఆ చోటికి ఎగువన ఈయవలెను. నేటి యెండకు ఆవిరియైన నీటి లోటు నేడే నదిని తాకదు. గొయ్యి దూరమును బట్టి నెలలకో యేండ్లకో తాకును. ఆ ఆలస్యమును గూడ గణితముతో తేల్చెదరు. కడిగిన కంకర లారీ కెక్కునప్పుడు రాళ్ళ నంటిపోవు తడియు, దుమ్ము లేవకుండ బాటపై చల్లిన నీరును పద్దులోనికి ఎక్కును. మన రాష్ట్రములలో 2002 నాటి వాల్టా చట్టము భూగర్భజలములను తలచి యిసుక త్రవ్వకమును కట్టడి చేసినదే కాని, త్రవ్వినవాడు తగ్గిన నీటిని తెచ్చి పోయవలెనని చెప్పలేదు.

ఇక ప్రతినిధి ద్రవ్యము ఎచ్చటినుండి వచ్చును? పాత సేద్యపు కాలువలలోని వాటాలను గుత్తేదారు కొనును. లేదా నగరము వాడి శుద్ధిచేసి విడిచిన నీటిని అద్దెకు తీసికొనును. వాటా అమ్ముడైన పొలము బీడు పడును. ఒకచోటి లోటు పూడ్చుటకు మఱియొకచోట లోటు పుట్టుచున్నదే యని యడిగినచో, ఆ రైతు ఇష్టపడియే అమ్మినాడని సమాధానము. ఈ సమాధానము వ్యవహారమునకు చాలును. ధర్మమునకు చాలదని నా యభిప్రాయము.

కామ్యకర్మను ప్రతినిధి ద్రవ్యముతో ఆరంభింపరాదనియు, ఆరంభించిన పిమ్మట విహితద్రవ్యము నశించిననే ప్రతినిధికి అవకాశమనియు మన నిబంధకారులు నిర్ణయించిరి. నిత్యకర్మను మానుటకు వీలులేదు గనుక అందు సడలింపు కలదు. ఫలమును కోరి చేయుపనిని మానుకొనుటకు ఎప్పుడును వీలున్నది. కంకర త్రవ్వకము ఫలము కొఱకు చేయుపని గాక మఱేమి? కొలరాడోలోనో, ప్రతినిధిజలము సిద్ధముగా నున్నదని ముందు చూపిననే ఊటను బయల్పఱచుటకు అనుమతి దొరకును. అనగా నష్టమును సంకల్పించుకొనియే కర్మ మొదలగుచున్నది. చెఱువును తెగగొట్టినవాడు దానిని మరల బాగుచేసినను ఉత్తమసాహస దండము చెల్లింపవలసినదే యని మనువు తొమ్మిదవ అధ్యాయమున విధించెను. అచ్చట మరమ్మతు వేఱు, దోషము వేఱు. ఇచ్చట నీరు కొలిచి పోసినవానికి దోషమన్న మాటయే లేదు.

అయితే నది ద్రవ్యమా, దేవతయా? ద్రవ్యమైనచో ఈ వ్యవస్థకు వంక పెట్టుటకు పెద్దగా ఏమియు లేదు. దిగువ రైతునకు కావలసినది నీరు గాని, ఆ నీటి జన్మవృత్తాంతము కాదు. దేవత యైనచో ప్రతినిధి లేదు. కొలరాడో చట్టము చాలకాలము నదిని ద్రవ్యముగనే యెంచినది. 1973లో మాత్రము, ప్రకృతిని కాపాడుట కొఱకు ఏటిలోనే నీటిని పాఱనిచ్చుటయు ఒక ప్రయోజనమే యని యొప్పుకొని, అట్టి హక్కును రాష్ట్ర జలసంరక్షణ మండలి చేతిలో పెట్టినది. ఆ హక్కునకును వరుసక్రమమే. వందయేండ్ల కాలువల వెనుక దాని స్థానము. దేవతకు తన గుడి ముంగిట వరుసలో నిలువ చోటు దొరకినది, కాని చిట్టచివర.

త్రవ్వకము ముగిసిన పిమ్మట గోతిని పూడ్చవచ్చును. లేదా చుట్టును రాతిపొర తగులువఱకు కందకము తీసి, బెంటొనైటు బంకమన్ను కలిపిన మట్టితో నింపి, ఊట చొరని గోడ కట్టి జలాశయముగా మార్చవచ్చును. రెండును చేయనిచో గుంట యున్నంత కాలము ఆవిరియు, ఆవిరితోడి ఋణమును ఉండును. గుత్తేదారు వెడలిపోవును, గట్టున ఇండ్లు లేచును, ఋణము క్రొత్త యజమానులకు సంక్రమించును. యజమానునకును ప్రతినిధి లేదని జైమిని మతము. పలువురు కలిసి చేయు సత్రయాగమున ఒకడు మరణించినచో సంఖ్యాపూరణమునకు మఱియొకని చేర్చుకొనవచ్చును. కాని అట్లు వచ్చినవాడు పనిచేయువాడే, ఫలమునకు స్వామి కాడు. గట్టున ఇల్లు కొని ఏటేట నీటి బాకీ తీర్చుచున్నవారి స్థితియు నిట్టిదే; కంకర వెల ఎన్నడో వేఱొకరికి ముట్టినది.