తెలివిగలవారు తెలివిమాలిన పనులు ఎందుకు చేస్తారు?



సెలవులకు ఇంటికి వచ్చిన మన పిల్లలు టీవీలోనో, చేతిలోని ఫోనులోనో చూసే ఆంగ్ల చిత్రాలలో ఒక రకం ఉంది. కొందరు శాస్త్రజ్ఞులు, నావికులు అంతరిక్ష నౌకలో ఎక్కడికో వెళతారు. అక్కడ ఏదో భయంకరమైన జీవి ఉంటుంది. వెళ్ళకూడని చోటికి ఒకడు వెళతాడు. ముట్టుకోకూడని దానిని ఇంకొకడు ముట్టుకుంటాడు. తీయకూడని తలుపును మరొకడు తీస్తాడు. తరువాత ఒక్కొక్కరే చనిపోతారు. “ఒరేయ్, తలుపు తియ్యొద్దురా!” అని పిల్లలు అరుస్తారు, ఆ వెంటనే నవ్వుతారు. “ఇంత చదువుకున్నవాళ్ళకు ఆ మాత్రం తెలియదా, ఫాదర్?” అని అడుగుతారు.

ఈ చిత్రాలు చిన్నపిల్లలకు చూపదగినవి కావని తల్లిదండ్రులకు ముందుగానే మనవి చేస్తున్నాను. కాని ఈ ప్రశ్న మాత్రం చిన్నది కాదు. మంచి ఏదో నిజంగా తెలిసినవాడు చెడును ఎంచుకోడని గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు వాదించాడు. అరిస్టాటిల్ అందుకు పూర్తిగా ఒప్పుకోలేదు. తెలిసి ఉండీ, కోరిక వల్లనో ఆవేశం వల్లనో మనిషి ఆ తెలివికి ఎదురు నడుస్తాడని చెప్పాడు. తాను కోరిన మేలు చేయలేక, కోరని కీడు చేస్తున్నానని పునీత పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖలో బాధపడటం మనకు విదితమే. కనుక పిల్లలు నవ్వుతూ అడిగిన ఈ ప్రశ్నను రెండున్నర వేల సంవత్సరాలుగా పెద్దలు నవ్వకుండా అడుగుతున్నారు.

దీనికి తేలికైన జవాబు ఒకటి ఉంది. అందరూ జాగ్రత్తగా ఉంటే అరగంటలో బొమ్మ అయిపోతుంది, కథ నడవాలంటే ఎవరో ఒకరు తప్పు చేయాలి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. రిడ్లీ స్కాట్ అనే దర్శకుడు 2012లో ‘ప్రొమీథియస్’ అనే చిత్రం తీశాడు. అందులో సొరంగాలకు పటం గీయించే పరికరాలు తెచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞుడే దారి తప్పిపోతాడు. ఎప్పుడో చచ్చిన శవాన్ని చూసి పారిపోయిన జీవశాస్త్రజ్ఞుడు, పడగ విప్పిన పామువంటి బ్రతికున్న జీవిని మాత్రం ముద్దు చేస్తూ చెయ్యి చాపి ప్రాణం పోగొట్టుకుంటాడు. పాత్ర చేసే పని ఆ పాత్ర స్వభావం నుండి సహజంగా పుట్టాలని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో చెప్పాడు. అలా పుట్టనప్పుడు చూసేవారికి అది పాత్ర చేసిన తప్పుగా కాక, రచయిత చేసిన తప్పుగా కనిపిస్తుంది. దానికి మనం నవ్వితే దోషం లేదు.

కాని అదే దర్శకుడు 1979లో తీసిన ‘ఏలియన్’ వేరు. అక్కడ జరిగే తప్పులకు నవ్వు రాదు. ఎందుకంటే అవి మన ఇళ్ళలో జరిగే తప్పులే.

‘నోస్ట్రోమో’ అనే సరుకుల నౌకలో ఏడుగురు పనివారు భూమికి తిరిగి వస్తుంటారు. దారిలో ఒక సంకేతం వినబడుతుంది. మాకెందుకని ఇంజను గదిలో పనిచేసే పార్కర్ అంటే, అటువంటి సంకేతాన్ని పరిశీలించకపోతే మీ వాటా డబ్బు మొత్తం పోతుందని ఒప్పందంలో ఉన్న షరతును చూపిస్తారు. కెప్టెన్ డల్లస్, కేన్, లాంబర్ట్ అనే ముగ్గురు బయటకు వెళతారు. ఒక పాడుబడ్డ నౌకలో గుడ్లవంటివి కనబడితే కేన్ వంగి చూస్తాడు. అందులో నుండి ఒక జీవి ఎగిరి అతని ముఖాన్ని కరచుకుంటుంది. స్పృహ తప్పిన మిత్రుణ్ణి మోసుకుని మిగతా ఇద్దరూ నౌక తలుపు వద్దకు వస్తారు.

లోపల ఉన్నవారిలో పై అధికారి రిప్లీ అనే స్త్రీ. నియమం ప్రకారం 24 గంటలు వేరుగా ఉంచిన తరువాతే వారిని లోపలికి రానివ్వాలని, తలుపు తీయనని ఆమె అంటుంది. అంతసేపట్లో కేన్ చనిపోవచ్చు, తలుపు తియ్యమని డల్లస్ ఆజ్ఞాపిస్తాడు. తీస్తే అందరమూ చనిపోవచ్చునని ఆమె జవాబు. ఇంతలో యాష్ అనే శాస్త్రాధికారి మీట నొక్కి తలుపు తీసేస్తాడు. చివరకు ఏడుగురిలో బ్రతికేది రిప్లీ ఒక్కతే.

ఒకే తలుపు, ముగ్గురు మనుషులు. ఒక పని మంచిదా చెడ్డదా అని తూచడానికి మూడింటిని చూడాలని శ్రీసభ మనకు బోధిస్తుంది. చేసిన పని ఏమిటి? చేసినవాని ఉద్దేశం ఏమిటి? ఆనాటి పరిస్థితులు ఏమిటి? ఈ మూడింటినీ ఈ తలుపు దగ్గర పెట్టి చూడండి.

యాష్, డల్లస్ ఇద్దరూ కోరింది తలుపు తెరవడమే. కాని యాష్ మనిషి కాడని, మనిషి రూపంలో ఉన్న యంత్రమని తరువాత తెలుస్తుంది. ఆ జీవిని ఎలాగైనా తీసుకురావాలి, పనివారి ప్రాణాలు పోయినా ఫరవాలేదు అన్నది కంపెనీ అతనికి ఇచ్చిన రహస్య ఆజ్ఞ. పైకి జాలిగా కనిపించిన ఆ పని నిజానికి ద్రోహం. అక్కడ పనివారు మూర్ఖులు కారు. తెలియవలసిన సంగతిని పైవారు వారికి తెలియనివ్వలేదు. లోకంలో పేదవారి తెలివితక్కువతనంగా మనం లెక్కవేసే వాటిలో చాలా భాగం ఇటువంటిదే.

డల్లస్ మాట వేరు. అతనిలో కపటం లేదు. చేతుల్లో మిత్రుడు ప్రాణం పోయే స్థితిలో ఉన్నాడు. ఆ తలుపు ముందు మనం నిలబడి ఉంటే మనలో చాలామందిమి డల్లస్ లాగానే అరుస్తాము. నిజమైన ప్రశ్న ఇక్కడే ఉంది. ప్రేమ తలుపు తియ్యమంటుంది, వివేకం వద్దంటుంది. క్రైస్తవుడు ఎవరి మాట వినాలి?

“మరి రిప్లీ చేసింది, మంచి సమరయుని ఉపమానంలోని యాజకుడు, లేవీయుడు చేసిన పనే కదా?” అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని ఒక తేడా గమనించండి. ఆ ఇద్దరూ పక్కనుండి వెళ్ళిపోయారు. రిప్లీ వెళ్ళిపోలేదు, తలుపు దగ్గరే నిలబడి ఆగమంది. పైగా ఆమె వెనుక మరి ముగ్గురు ఉన్నారు. పదిమంది కన్యకల ఉపమానాన్ని కూడా గుర్తు చేసుకోండి. తమ నూనెను పంచి ఇవ్వని కన్యకలనే ప్రభువు వివేకవతులన్నాడు. పైకి అది కాఠిన్యంగా కనబడుతుంది. కాని పంచి ఉంటే పది దీపాలూ ఆరిపోయేవి.

మన పెద్దలు ఒక సామెత చెబుతారు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లని. డల్లస్ జాలి నిజమైనదే. కాని ఆ జాలికి ఖర్చుపెట్టింది తన ప్రాణం ఒక్కటే కాదు, ఇతరుల ప్రాణాలు కూడా. ఆ తలుపు తీసేముందు పార్కర్‌నుగాని, బ్రెట్‌నుగాని ఎవరూ ఒక్క మాట అడగలేదు. అదే చిత్రం చివరలో రిప్లీ, నౌక పేలిపోబోతున్న సమయంలో కూడా ఒక పిల్లిని వదలక తనతో తీసుకుపోతుంది. మన పిల్లలు దానికీ నవ్వుతారు. కాని చూడండి, అప్పటికి ఆమె తప్ప ఎవరూ మిగలలేదు. అక్కడ ఆమె పణంగా పెట్టింది తన ప్రాణాన్ని మాత్రమే. ఆమెలో జాలి లేదని ఎవరనగలరు?

ఈ తేడాను జీవించి చూపించిన పునీతుడొకరు మనకు ఉన్నారు. హవాయి దీవులలో కుష్ఠురోగులను మొలొకాయి దీవిలో వేరుగా ఉంచేవారు. బెల్జియం దేశానికి చెందిన దామియన్ గురువులు 1873లో, తమ 33వ యేట, తమంతట తాముగా అక్కడికి వెళ్ళారు. పుండ్లు కడిగారు, ఇళ్ళు కట్టారు, చనిపోయినవారిని పాతిపెట్టారు. చివరకు ఆ రోగమే తమకు కూడా సోకి 1889లో అక్కడే మరణించారు. 2009లో శ్రీసభ వారిని పునీతులుగా ప్రకటించింది. ఆయన ఇతరుల మీదకు ఆ తలుపును తెరవలేదు. తామే ఆ తలుపు లోపలికి నడిచి వెళ్ళారు. వివేకం, ప్రేమ కలిసి నడిస్తే అలా ఉంటుంది.

“ఏమైనా, మేమైతే అంత తెలివితక్కువగా చేయము” అంటారా? తెర ముందు కూర్చున్నవారికి భయంకరమైన సంగీతం ముందే వినబడుతుంది. ఇది ఏ రకం చిత్రమో ముందే తెలుసు. తలుపు వెనుక ఏముందో తెలుసు. కేన్‌కు అవేవీ తెలియవు. మన తెలివి సగం మన కుర్చీ ఇచ్చినదే. కథ కాని సంగతి ఒకటి చెబుతాను. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరినప్పుడు ఇంధన తొట్టి నుండి ఊడిన నురుగు ముక్క ఒకటి దాని ఎడమ రెక్కకు తగిలింది. ఆ చోటును ఫొటోలు తీయించి చూడాలని కొందరు ఇంజనీర్లు కోరారు. ఇంతకుముందు కూడా నురుగు ఊడింది, అయినా నౌకలు క్షేమంగానే తిరిగి వచ్చాయన్న ధీమాతో పై అధికారులు ఆ కోరికను సాగనివ్వలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఆ అధికారులు చదువురానివారు కారు.

చదువు వేరు, వివేకం వేరు. అందుకే చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్ళు అంటారు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు వివేకాన్ని గురించి వ్రాస్తూ, దానికి కావలసిన అంగాలను లెక్కపెట్టారు. వాటిలో గడచినదాని జ్ఞాపకం, రాబోయేదానిని చూసే దూరదృష్టి, చుట్టూ ఉన్న పరిస్థితులను కలయజూడటం, జాగ్రత్త ఉన్నాయి. వాటితోపాటు ఇతరులు చెప్పినది విని నేర్చుకునే వినయం కూడా ఉంది. ఈ చివరిది గమనించండి. తెలివిగలవానికి చాలాసార్లు కొరవడేది అదే. అవివేకానికి కూడా ఆయన రూపాలు చెప్పారు. తొందరపాటు, ఆలోచించకపోవడం, నిలకడలేమి వాటిలోనివి. తెలివి ఎంత ఉన్నా ఈ మూడింటికి చోటు ఉంటుంది.

ఇక మన ఇళ్ళ తలుపుల దగ్గరకు వద్దాము. స్నేహితుడు కన్నీళ్ళతో వచ్చి అప్పుకు హామీ సంతకం పెట్టమంటాడు. మీ మనసు కరుగుతుంది, కరగడం మంచిదే. కాని ఆ సంతకంలో పణంగా పెడుతున్నది మీ ఒక్కరి కష్టార్జితమా, భార్యాబిడ్డలు తలదాచుకునే ఇల్లా? వారిని అడిగారా? తాగివచ్చి పిల్లలను కొట్టే అన్నను, పాపం తోబుట్టువు కదా అని మళ్ళీ మళ్ళీ ఇంట్లోకి రానిచ్చే చెల్లెలు ఆ జాలి ఖరీదును ఎవరి చేత కట్టిస్తోంది? ఆమె అతణ్ణి వదిలేయాలని నేను అనడం లేదు. అన్నం బయటకు తీసుకువెళ్ళి పెట్టవచ్చు, వైద్యుని దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్ళవచ్చు, అతని కోసం రాత్రంతా జపమాల చెప్పవచ్చు. తన నుండి ఇవ్వగలిగినదంతా ఇవ్వవచ్చు. పిల్లల నుండి తీసి మాత్రం ఇవ్వకూడదు.

ఇటువంటి నిర్ణయాలను తలుపు కొట్టుతున్నప్పుడు మొదలుపెట్టి ఆలోచించలేము. అప్పుడు గుండె దడ తప్ప ఏమీ వినబడదు. అందుకే రాత్రి పడుకోబోయే ముందు మనస్సాక్షిని పరిశోధించుకునే మంచి అలవాటును మన పెద్దలు మనకు ఇచ్చారు. ఈ రోజు నేను ఎక్కడ తొందరపడ్డాను? ఎవరి మాట వినకుండా త్రోసివేశాను? నా మంచితనానికి ఎవరు వెల చెల్లించారు? రోజూ ఈ మూడు ప్రశ్నలు వేసుకునే ఇంటిలో వివేకం కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

ఈసారి మీ ఎదిగిన పిల్లలు అటువంటి చిత్రం చూసి నవ్వుతుంటే కసరవద్దు. పక్కన కూర్చుని, “ఆ తలుపు దగ్గర నువ్వు ఉంటే ఏం చేసేవాడివి? లోపల ఉన్నది నీ అమ్మ అయితే? బయట ఉన్నది నీ తమ్ముడైతే?” అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే సంతోషించండి. వివేకం అక్కడే మొదలవుతుంది.