ఉగ్గుగిన్నెడు ఆశ

రక్తకేన్సరుతో శయ్యపాలైన బిడ్డకు రాత్రియెల్ల పరిచర్య చేయు తల్లి భవిష్యత్తంతయు నొక్కమారే మోయజాలదు. పసివానికి ఉగ్గుగిన్నెతో పాలు పోసినట్లు, ఆశను గూడ ఆ పూటకు చాలినంతయే పోసికొనవలెను.

ఒకప్పుడీ వ్యాధికి మందే లేదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, వేరొక వ్యాధివలన సోదరులను కోల్పోయియు పరిశోధన విడువక, అమెరికాలో తమ బృందముతో రూపొందించిన ఔషధమును బోస్టను వైద్యులు పిల్లలకీయగా, 1948 నాటికి కొందరిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకంజ వేసెను. తాత్కాలికమే, అయినను అంతకుముందు అదియును లేదు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటు అను మందు నేటికిని వాడుకలో నున్నది. పెక్కుమంది పిల్లలు కోలుకొనుచున్నారు.

ఆ తల్లి చేయు ప్రార్థన మంచిదే. వేళకు మందు పోయుటయు ప్రార్థనయే యని నా తలంపు. ఈ పూటకు చాలినంత ఆశ చాలును.

మీ యెరుకలో అట్టి తల్లి యున్నచో, ఓదార్పు మాటలు తరువాత. ముందు ఆమెకింత అన్నము పట్టుకొని వెళ్లుడు.